దుంగల తాత ముద్ద

వంశం వెతికేవాళ్లు ముందు పేరు అడుగుతారు. వందేళ్ల కిందటి పేరు ఎవరికి గుర్తుంటుంది? అందుకే చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డు పల్లెలో నేను మా ముత్తాత చేసిన పని చెప్పి అడిగాను. తెల్లదొరల కాలంలో ఆయన రాజమండ్రి నుంచి ఎగువకు వెళ్లి, టేకు దుంగలను తెప్పలుగా కట్టి నది మీద దింపేవాడు. ఒకసారి వెళ్లినవాడు మరి తిరిగి రాలేదు.

అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న రాజవ్వ అనే ముసలావిడ తలెత్తింది.

"కుడిచేతికి బొటనవేలు లేకుండెనా?"

ఆ సంగతి నేనింకా చెప్పనేలేదు.

"జరమొచ్చి గీ అరుగు మీదనే పాణమిడిసిండంట. మా అత్తకు అత్త చెప్పేది. పేరు తెల్వక దుంగల తాత అన్నరు. దిక్కులేనోడని ఏటా పెత్రమాసకు మా పెద్దలతోటి ఆయనకూ ఓ ముద్ద పెడ్తం. పిట్ట ముందుగాల ఆయనదే ముడుతది."

మా ఇంట్లో మహాలయ అమావాస్యకు ఆయన పేరిట పెట్టిన ముద్దను కాకి ఏనాడూ ముట్టలేదు. పొద్దువాలేదాకా చూసి, నాన్న దాన్ని నీళ్లలో కలిపేవాడు.

"అవ్వా, ఆయన పేరు..." అన్నాను.

రాజవ్వ చప్పున లేచి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"గీడ అనకు బిడ్డా. పేరు వెట్టి పిలిస్తే లేచి నీ ఎంబడి వస్తడు. గిన్నేండ్లకు మా ఇంట్ల కుదురుకున్నడు."

పేరు చెప్పకుండానే వచ్చేశాను. బస్సు దాకా ఎవరో వెనకే నడుస్తున్నట్టున్నా తిరిగి చూడలేదు.

రాజవ్వ చెప్పిందంతా నా నోట విన్న నాన్న, ఆ ఏడు అమావాస్యకు ముత్తాతకు ముద్ద పెట్టలేదు.

"రెండు చోట్లా పిలిస్తే, పాపం, ఎటూ పోలేక నది మీదే ఉండిపోతాడు" అన్నాడు.