రోస్విత బిగించిన రాగి రేకులు

రోస్విత లాంగ్‌గుత్‌ది మా వీధిలో, మాకు మూడో ఇల్లు. తూర్పు జర్మనీలోని మా ఊరు సోనెబర్గ్‌లో బొమ్మల పని తెలియని ఇల్లు లేదు. ఆమె బొమ్మ రైళ్ల కార్ఖానాలో ఇరవై రెండేళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంది. ఇంజను కింద రెండు సన్నని రాగి రేకులు బిగించడమే ఆమె పని. పట్టాల్లోని కరెంటు చక్రాల్లోకి ఎక్కుతుంది. చక్రాలను రాసుకుంటూ ఉండే ఆ రేకులు దాన్ని మోటారుకు అందిస్తాయి. రేకు బిగుసుకుంటే చక్రం తిరగదు, వదులైతే కరెంటు అందదు. రెండు జర్మనీలూ ఒకటైన మరుసటి ఏడు కార్ఖానా సగం మందిని ఇంటికి పంపేసింది. రోస్వితకు అప్పటికి నలభై ఆరు. ఆ వయసులో మళ్లీ పనిలోకి పిలిచినవాళ్లు లేరు.

భర్త ఎకార్ట్ అసలైన రైళ్లు నడిపేవాడు. తొంభై మూడు నవంబరులో, లౌషా ఊరు దాటాక ఒక రైల్వే గేటు దగ్గర, ఒకామె నడిచి వచ్చి పట్టాల మధ్య నిలబడింది. బ్రేకు వేశాడు. అంత బరువు బండి అంత దగ్గరలో ఆగుతుందా? ఆరు వారాలు సెలవిచ్చి అతన్ని మళ్లీ బండెక్కించారు. మార్చిలో ఒకరోజు ఎర్ర సిగ్నలు దగ్గర ఆగినవాడు, పచ్చదీపం వెలిగాక బండిని కదపలేకపోయాడు. ప్రయాణికులు నలభై నిమిషాలు అలాగే కూర్చున్నారు. ఇంకో డ్రైవరు కారులో వచ్చి, అతని వేళ్లను ఒక్కొక్కటిగా మీట మీంచి విడదీశాడు. ఆ తర్వాత పింఛనిచ్చి ఇంట్లో కూర్చోబెట్టారు.

ఎకార్ట్ నేలమాళిగలో ఒక పెద్ద బల్ల వేసి, చిన్నప్పటి బొమ్మ రైళ్లు బయటికి తీశాడు. అవి ముప్ఫై ఏళ్లుగా పెట్టెలో పడి ఉన్నాయి. చక్రాలకు నల్లటి జిడ్డు పట్టింది, రేకులు పట్టు వదిలేశాయి. పట్టాలు రెండుగా చీలే చోట కరెంటు లేని చిన్న ముక్క ఒకటుంటుంది. మెల్లగా వచ్చిన ఇంజను సరిగ్గా అక్కడ ఆగిపోయేది. ఆగినప్పుడల్లా ఎకార్ట్ బల్ల అంచు పట్టుకుని చెమటలు కక్కేవాడు. పైకొచ్చి చేతులు కడుక్కునేవాడు. కుళాయి ఎన్నిసార్లు మోగితే బండి అన్నిసార్లు ఆగినట్టు అని రోస్విత లెక్క.

ఒకరోజు ఆమె కిందికి దిగింది. తన సామాను ముట్టుకోవద్దన్నాడతను.

"నువ్వు నడిపినవి వేరే ఇంజన్లు. వీటి కడుపులో ఏముందో నాకు తెలుసు. లే, ఆ కుర్చీ ఇటివ్వు."

చక్రాలను స్పిరిట్‌తో తుడిచింది. రేకులను విప్పి, గీకి, గోటితో వంచి, చక్రానికి తాకీ తాకనట్టు నిలిపింది. వెనక బొగ్గు పెట్టె చక్రాలకు కూడా కొత్త రేకులు వేసి, వెంట్రుకంత తీగను మోటారుదాకా టంకం పెట్టింది. ముందు చక్రాలకు కరెంటు తప్పినా వెనక చక్రాలకు అందుతుంది. ఆ సాయంత్రం ఇంజను గంటసేపు ఆగకుండా తిరిగింది. ఎకార్ట్ ఆ రాత్రి నిద్రపోయాడు. ఆ తర్వాత ప్రతివారం ఆమె అన్ని ఇంజన్లనూ విప్పి చూసేది.

ఈ సంగతి స్టేషను మేడ మీద ఉన్న మా బొమ్మ రైళ్ల సంఘానికి చేరింది. పాత ఇంజన్లున్న వాళ్లమంతా ఆమె వంటింటికి క్యూ కట్టాం. హార్ట్‌మూట్ అనే మా పెద్దమనిషి, "తుడవడం, తోమడం ఆడవాళ్లకు అలవాటే కదా, ఫ్రౌ లాంగ్‌గుత్," అన్నాడు. ఆమె అతని ఇంజనును తిరగేసి చూసి, "మీ ఇంట్లో ఎవరికీ అలవాటున్నట్టు లేదే, హెర్ హార్ట్‌మూట్," అంది.

తొంభై ఆరు అక్టోబరు, ఆదివారం మధ్యాహ్నం. నా ఇంజను తీసుకోవడానికి వెళ్తే, ప్లమ్ కేకు తిని కిందికి రమ్మన్నారు. ఎకార్ట్ బండి తిరుగుతోంది. ఉన్నట్టుండి అతను మీట తిప్పి, బొమ్మ గేటుకు జానెడు ముందు దాన్ని ఆపాడు. చెడిపోయిందేమోనని రోస్విత వంగింది.

"బాగానే ఉంది. నేనే ఆపాను," అన్నాడు. "రోస్విత, ఆ రోజు పట్టాల మీద ఆవిడ నన్ను చూసింది. నేను హారను మోగించలేదు."

మోగించానని అతను అప్పట్లో రైల్వే విచారణ కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. మూడేళ్లుగా అందరమూ అదే నమ్మాం.

"చెయ్యి దాని మీదే ఉంది. నొక్కలేదు. బెదిరిపోతుందేమో అనిపించింది. అంతే."

"మోగించినా కదిలేది కాదులే," అంది రోస్విత.

"నీకెలా తెలుసు?"

నేను నా ఇంజను అక్కడే వదిలి పైకి వచ్చేశాను.

ఎకార్ట్ రైల్వేకి ఉత్తరం రాశాడు. ఆ ఫైలు ముగిసిందని రెండు వాక్యాల జవాబొచ్చింది. అప్పుడు ఆ చనిపోయినామె తల్లి దగ్గరికి వెళ్తానన్నాడు. రోస్విత ఎంత చెప్పినా వినలేదు. చివరికి తానూ వెంట వెళ్లింది. ముసలావిడ వాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి అంతా విన్నది.

"అంటే, ఆఖరికి మా పిల్లను ఎవరూ పిలవలేదన్నమాట," అని, తలుపు మెల్లగా వేసుకుంది.

ఎకార్ట్ మళ్లీ నేలమాళిగలోకి దిగలేదు. ఫిబ్రవరిలో, బూట్లు తొడుక్కుంటూ పక్కకు ఒరిగి ప్రాణం వదిలాడు. మెదడులో నరం చిట్లిందన్నారు డాక్టర్లు.

ఆ చలికాలం పోకముందే రోస్విత నన్ను రంపం తీసుకురమ్మంది. ఇంజన్లను సంఘానికి ఇచ్చేసింది. మిగిలిన బల్లను ఇద్దరం చెరో వైపు నిలబడి కోశాం. బల్ల మీది సున్నపు బొమ్మ కొండలు పొడిపొడిగా రాలి, మా చేతులు మోచేతుల దాకా తెల్లబడ్డాయి. అప్పుడందామె, రంపం ఆపకుండానే: "రెండేళ్లు ఆ బొమ్మ బండి ఆగకుండా చూశాను, హెర్ ఐషోర్న్. ఆగనిచ్చి ఉంటే అప్పుడే చెప్పేసేవాడేమో. ఆ తల్లి కూడా అప్పుడైతే ఇంకోలా వినేదేమో."

అదేం కాదని చెప్పబోయాను. ఆమె రంపాన్ని ఇంకా గట్టిగా లాగింది. చెక్కలను పొయ్యికి పట్టేంత చేసి గోడవారన పేర్చాం. సోమవారం ఆమె మళ్లీ వంటింట్లో ఎవరిదో ఇంజను విప్పి కూర్చుంది. చూపు మసకబారేదాకా, ఇంకో పదకొండేళ్లు, అలాగే కూర్చుంది.