చెలమలో చతికిలబడ్డ సినిమా ఆఫీసరు

మొన్న కర్నూల్లో మా మనవడు ఫోనులో పాతకాలం మూగ సినిమా ముక్క ఒకటి పెట్టి నాకూ చూపించాడు. అందులో ఒకడు నీళ్ళతొట్టి కొళాయి కట్టేయడం మరిచిపోతాడు, ఇల్లంతా నీళ్ళమయం, లేచినవాడల్లా మళ్ళీ జారిపడుతుంటాడు. ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను మూతి బిగించుకుని కూర్చుంటే అవ్వకు హాస్యం తెలియదని తీర్మానించారు. తెలియకపోవడమేమిటి, వీళ్ళు పుట్టకముందే అలాంటి పిచ్చివేషం ఒకటి చూశాను నేను, అదీ ఆలూరు పక్కన మా ఊళ్ళో, బావి అడుగంటా ఎండిపోయిన ఎండాకాలంలో.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో మాకు నీళ్ళంటే వంకలో ఇసుక తోడి చేసుకున్న చెలమే. తెల్లవారకముందే ఆడవాళ్ళం పోయి, ఊరిన నీటిని చిప్పతో ముంచుకుంటూ కడవ నిండేదాకా గొంతుకూర్చునేవాళ్ళం. అలాంటి ఊరికి ఒకనాడు సర్కారు వ్యాను వచ్చింది. బావి లోతు తవ్వించమని మొరపెట్టుకున్నాం కదా, అందుకే ఆఫీసరు వచ్చాడనుకుని మా నాయన తలగుడ్డ సవరించుకుని ఎదురుపోయాడు. తీరా చూస్తే ఆ మహానుభావుడు తెచ్చింది సినిమా. కరువులో ఉన్న జనాన్ని కాస్త నవ్వించి రమ్మని పంపారట, ఏడ్చినట్టే ఉంది తెలివి!

పొద్దుగుంకాక తెల్లగుడ్డ కట్టి బొమ్మ వేశారు. ఇద్దరు దొరలు బకెట్లకు బకెట్లు ఒకరి నెత్తిన ఒకరు గుమ్మరించుకోవడం, తొట్టి పొర్లిపోవడం, అంతకుమించి కథ లేదు. ఆఫీసరూ, ఆయన బంట్రోతూ పడీపడీ నవ్వుతున్నారు. మావాళ్ళలో ఒక్కరికీ నవ్వు రాలేదు. "అయ్యో, ఆ నీళ్ళన్నీ యాడికి పోతాండాయి? ఎవురన్నా కట్టేయండప్పా!" అని మా అమ్మ కేక పెట్టింది, వెనకాలే ఊరంతా కేకలు. ఆ తెలివిగలవాడు అదంతా మాకు నచ్చి అరుస్తున్నామనుకుని, బొమ్మను మళ్ళీ మొదటినుంచీ వేయించాడు.

తెల్లవారి వ్యాను ఇంజనులో పోయడానికి నీళ్ళు కావలసి వచ్చాయి. ఊళ్ళో ఎవరూ ఇవ్వకపోయేసరికి ఆఫీసరే బంట్రోతును వెంటేసుకుని చెలమ దగ్గరికి వచ్చాడు. అప్పటికి మా అమ్మ కడవ కాల్భాగమైనా నిండలేదు. ఇంట్లో తమ్ముడు జ్వరంతో రాత్రంతా నీళ్ళు, నీళ్ళని కలవరిస్తూనే ఉన్నాడు. "ఒడ్డు మీద కాలు పెట్టొద్దు సామీ, జారతాది" అని అమ్మ చెబుతున్నా వినక, బూటుకాళ్ళతో ఇసుక తొక్కి, సర్రున జారి చెలమ నడిమధ్య చతికిలబడ్డాడు. బంట్రోతు ఒక్కడే కిసుక్కుమన్నాడు. ఖాళీ కడవలు చంకన పెట్టుకున్న మేమంతా ఆయన వంక చూడనే లేదు, బురదైపోయిన నీళ్ళ వంకే చూశాం.

లేచాడు, నీళ్ళన్నాడు. పాపం, పడినవాడికి నోరెండిందేమోనని అమ్మ మారుమాట లేకుండా కడవ వంచింది. దోసిలి పట్టాడు, పట్టి ఆ నీళ్ళతో ప్యాంటూ బూట్లూ కడుక్కున్నాడండీ! సిగ్గులేని జన్మ! "తాగేదానికనుకుంటి గదప్పా! ఇంట్లో బిడ్డ దప్పికతో శానా అల్లాడతాండాడు" అంటూ అమ్మ కడవ వెనక్కి లాక్కునేసరికి అడుగున గుక్కెడు నీళ్ళు మిగిలాయి. అవే తమ్ముడి నోట్లో పోశాం. చెలమ తేరుకునేదాకా, అంటే మధ్యాహ్నం తిరిగేదాకా, వాడు ఖాళీ చెంబు నాకుతూనే ఉన్నాడు. వాడు బతికాడు, అది ఆ ఆఫీసరు పుణ్యం మాత్రం కాదు. బావి సంగతి ఆయన అడగనూ లేదు, మేం చెప్పనూ లేదు.

ఇప్పుడు మా ఊళ్ళోనూ ఇంటింటికీ కొళాయి ఉంది, సంతోషమే. నా బాధల్లా మా అమ్మ గురించే. అంతకుముందు దారినపోయేవాడు వాకిట్లో నిలబడి నీళ్ళడిగితే, ఎంత కరువులోనైనా, ఎందుకని అడక్కుండా చెంబు చేతికిచ్చేది. ఆ పొద్దు తర్వాత, పోయేంతవరకూ, చెంబు చేత పట్టుకుని కూడా గడపలోనే ఆగి, వచ్చినవాడి కాళ్ళ వంక ఒకసారి చూసి అడిగేది, "తాగేదానికేనా?" అని.