సముద్రం మీంచి ఆయ్

తినే అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నిన్న అమలాపురంలో సెల్‌ఫోను బాగుచేయించడానికి వెళితే, కొట్టులో సోల్డరింగు పొగ ముక్కుకు తగిలింది. ఆ వాసనతో నాకెప్పుడూ దీవెనమ్మ మేడం గుర్తుకొస్తారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పడం మానేసి, తొంభైల చివర్లో మా ఊళ్ళో రేడియో పెట్టెలు తయారుచేసిన మనిషి. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆవిడే.

అంతర్వేది పడవలవాళ్ళ కోసం ఆవిడ ఒక పెట్టె చేశారు. గాలి ముదిరితే ఒడ్డున ఉన్న కంప్యూటరు నుంచి కబురు వెళ్ళాలి. పడవ నడిపే సరంగు మీట నొక్కితే జవాబు రావాలి. ఆ కబురు ఏ రూపంలో ఉండాలో నన్ను రాయమన్నారు. కోనసీమవాణ్ణి కదా, "సరంగు గారికి నమస్కారమండి, గాలి ముదురుతోందండి, దయచేసి ఒడ్డుకు వచ్చెయ్యండి" అని మొదలుపెట్టాను. ఆ నత్తనడక రేడియోలో, గరగరల మధ్య, నమస్కారం దాటేలోపే కబురు చెడిపోయింది.

"మీ మర్యాదలయ్యేలోగా పడవ మునిగిపోద్దండి," అన్నారు మేడం. "అంకెలు పంపండి చాలు. ఒకటంటే ఒడ్డుకు రండి. రెండంటే ఆయ్, వస్తున్నాం. మూడంటే ఇంజను ఆగింది, సాయం కావాలి."

కాగితం మీద వరసగా గదులు గీశారు. ముందు ఏ రకం కబురో, తర్వాత కబురు పొడవు ఎన్ని బైట్లో, ఆ తర్వాత పడవ ఎక్కడుందో, చివర వీటన్నిటి మొత్తం. అందుకున్న యంత్రం తనూ కూడి చూసుకుంటుంది. మొత్తం కలవకపోతే ఆ కబురు చెల్లదు.

"కొంచెం చెడినా అర్థమవుద్ది కదండీ, చెల్లదనడం దేనికి?" అన్నాను.

"మూడుని ఒకట్లూ సున్నాలతో రాయండి."

ఒకటి, ఒకటి. రెండైతే ఒకటి, సున్నా. ఒక్క బిట్టు జారి, చివరి ఒకటి సున్నా అయితే మూడు కాస్తా రెండైపోతుంది. "అంత కచ్చితంగా ఆ బిట్టే జారుద్దాండీ!" అని నవ్వేశాను.

పరీక్షకని మొదటి పెట్టె నూకరాజు గారి పడవలో పెట్టాం. ఆయన సముద్రం మీద ఉండగా ఒక మధ్యాహ్నం గాలి లేచింది. ఆయన భార్య సత్యవతి గారు పరుగున వచ్చి మా బల్ల పక్కన నిలబడ్డారు. ఒకటి పంపాం. తెర మీద జవాబు పడింది: రెండు. "వస్తున్నారండి" అనబోయాను. కింద మొత్తం కలవలేదు. మేడం నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఏవొచ్చిందండీ?" అన్నారు సత్యవతి గారు.

"వచ్చిందమ్మా. కానీ సరిగా రాలేదు. మళ్ళీ అడుగుతున్నాం."

"మంచో చెడో, ఆ వచ్చిందే చెప్పండి మేడం గారూ!"

"తెలీదమ్మా."

ఆ ఒక్క మాట అనడానికి మేడంకెంత కష్టమైందో, నా మణికట్టు మీద దిగిన గోళ్ళే చెప్పాయి.

మళ్ళీ జవాబు వచ్చింది. మూడు. మొత్తం కలిసింది. ఒడ్డున సిద్ధంగా ఉన్న పెద్ద పడవ వెంటనే వెళ్ళి, తాడు కట్టి ఆయన్ని లాక్కొచ్చింది. నేను రెండని చెప్పి ఉంటే ఎవరూ కదిలేవారు కాదు. నూకరాజు గారు దిగుతూనే బారెడు పులస చేపను మేడం ఒళ్ళో వేసి, "అదే పడవలోకి ఎగిరిపడిందండి. మీ దగ్గరకు తీసుకెళ్ళమంది," అన్నారు.

కథలల్లడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అయినా, ఎవరైనా ఎదురుచూస్తున్న కబురు దగ్గర నా నోరు ఆగుతుంది. తమ్ముడి ఆపరేషను రోజున ఫోనులో "బాగానే" అన్న ముక్క ఒక్కటే వినిపించి లైను తెగిపోయింది. మరదలు నా మొహమే చూస్తోంది. "సరిగా వినపళ్ళేదమ్మా, మళ్ళీ చేస్తున్నాను," అన్నాను.

ఇందులో అబద్ధం ఆ పులస ఒక్కటే. నూకరాజు గారు ఒట్టి చేతులతోనే దిగారు. మేడం ఎదుట నిలబడి, తడిసిన తలగుడ్డతో మొహం కప్పేసుకున్నారు. అది రాయడం చేతకాక చేపను తెచ్చాను.