మ్యూట్ హనుమయ్య

హనుమయ్య అంకుల్‌కి ఒకటే పిచ్చి. టీవీ సీరియల్ మొదలవగానే మ్యూట్ నొక్కేసి, అందులోవాళ్ళ డైలాగులన్నీ తనే చెప్పేవాడు. అత్తగారికో గొంతు, కోడలికో గొంతు. కెమెరా మూడుసార్లు ముఖం మీదకి ఉరికినప్పుడు ఉరుములు కూడా ఆయనవే. ఆ ఉరుములకి రోడ్డుమీది మంచు తోసే ట్రక్కు వచ్చిందనుకుని పక్కింటాయన కారు పక్కకి తీసేవాడు. ఒట్టు!

నేను అమెరికాలో, నోవై అనే ఊళ్ళో వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. నాకు నేర్పేంత సరుకు కాలేజీ దగ్గర లేదని రెండో సెమిస్టర్‌లోనే కనిపెట్టి మానేసినవాణ్ణి. నా అంతటివాడికే అంకుల్ అర్థం కాలేదు.

నవంబర్ దాటితే మా ఊళ్ళో సూర్యుడికి కూడా లేఆఫే. ఆ ఏడాది ఆ ఇంట్లో బయటికన్నా ఎక్కువ చీకటి. కూతురు గీతాంజలి విడాకులు తీసుకుని పుట్టింటికొచ్చేసింది. అనురాధ ఆంటీ మనవాళ్ళంతా తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లకి వెళ్ళడం మానేసింది. కూతురితో "తిన్నావా" తప్ప మాట లేదు. లోకం ఏమంటుందో ఆవిడకి ఆ సీరియలే చెప్పేది. గీత పైగది దిగేదే కాదు.

తెరమీద అత్తగారు కళ్ళెర్రజేసి గుమ్మంవైపు వేలు చూపించేది. అంకుల్ కీచుగొంతుతో, "కోడలా, గరాజ్ డోర్ వెయ్యలేదే! హీటింగంతా బయటికి పోతోంది!" అనేవాడు.

కోడలు వెక్కివెక్కి ఏడ్చేది. "ఏడుపు కాదత్తయ్యా, ఉల్లిపాయలు. సేల్‌లో ఉన్నాయని బస్తాడు కొన్నాను!"

"ఏమండీ, మీకు పుణ్యముంటుంది," ఆంటీ మొత్తుకునేది, "ఆ పిల్ల గతేమైందో విననివ్వండి!"

"దానికేం, ప్రమోషనొచ్చింది."

"మెళ్ళో తాళి తీసిచ్చేస్తోందండీ!"

"ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ. మెటల్ ఏదున్నా తీసి ట్రేలో పెట్టమంటారు."

మెట్లమీద ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తే గీత! మర్నాడు ఇంకాస్త కిందికి దిగింది. ఫిబ్రవరికల్లా కంచం పట్టుకుని సోఫాదాకా వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే రిమోట్‌లో బ్యాటరీలు చచ్చాయి.

"మొగుణ్ణి వదిలేసినదానికి ఈ ఇంట్లో చోటులేదు! పో!" టీవీ అసలు గొంతుతో అరిచింది.

గీత కంచం కిందపెట్టి లేచింది. అంకుల్ రిమోట్‌ని అరచేత్తో బాదుతున్నాడు. ఈ ఒక్క మాట కూతురి చెవిన పడకూడదనే ముసలాయన చలికాలమంతా గొంతు చించుకున్నాడని నాకప్పుడు వెలిగింది. ఇంత తెలివి ఉండి ఏం లాభం!

ఆంటీ లేచింది. టీవీ పక్క బటన్ నొక్కి మాట ఆపేసింది. తెరమీద అత్తగారి వేలు ఇంకా గుమ్మంవైపే ఉంది. ఆంటీ కూతురివైపు చూడకుండా, టీవీకేసే చూస్తూ, అత్తగారి గొంతు పెట్టింది.

"ఎక్కడికే సగం అన్నంలో లేచిపోతున్నావ్? కూర్చో. పప్పు చల్లారిపోతోంది. ఇది... ఇది నీ ఇల్లే."

చివర్లో గొంతు అత్తగారిది కాకుండా పోయింది.

గీత కూర్చుంది.

అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "అనూ, డైలాగు బావుంది. పెదాలకే అతకలేదు."

"మీకేనాడైనా అతికిందా?"

తెరమీద కెమెరా అత్తగారి ముఖం మీదకి ఉరికింది. ఉరమాల్సిన అంకుల్ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఢాం! ఢాం! ఢాం!" అంది గీత, నోటినిండా పప్పన్నంతో.

బయట పక్కింటాయన కారు స్టార్ట్ చేశాడు.