అవ్వ ఒక్కదాని మీదే ముద్ర వేసిన రోజు

పొద్దున పోస్టాఫీసులో స్టాంపు ప్యాడు మూత తెరవగానే సిరా వాసన గుప్పుమన్నది. మైపాడు పక్కన మా ఊరి బడి కళ్లముందుకొచ్చింది. పంతొమ్మిదొందల అరవైల్లో పంచాయతీ ఓట్లు అక్కడే పెట్టేవాళ్లు. ఓటు ముద్ర వేసేదానికి గోనెపట్టా అడ్డం కట్టిన ఆ మూల మన ఈడు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది.

మా అవ్వ మంత్రసాని. మా వార్డుకి పోటీ చేసే ఇద్దరూ ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. అందుకని అంతకుముందు ఓట్లప్పుడు ఇద్దరి గుర్తుల మీదా ముద్ర వేసొచ్చి, గొప్పగా చెప్పింది.

"అట్టా వేస్తే చెల్లదు అత్తా. ఎవరికీ వేయనట్టే," అన్నది అమ్మ. ఆ పూట అవ్వ అన్నం తినలేదు.

ఈసారీ ఆ ఇద్దరే నిలబడినారు. ఇంటికొచ్చిన ఇద్దర్నీ అవ్వ ఒకటే అడిగింది. "మన వార్డులో పల్లెపాళెం ఆడోళ్లు నీళ్లకి మైలు దూరం నడస్తా ఉండారు. బావి తవ్విస్తావా?"

ఆ ఇద్దరిలో పెద్దవాడంటే అవ్వకి ప్రాణం. వాడు "చూద్దాంలే అవ్వా" అని వెళ్లిపోయినాడు. చిన్నవాడు అప్పుడే ఆమె వెంట పోయి చోటు చూసొచ్చినాడు.

ఓట్ల రోజు నేను బడి గడప దగ్గర కాచుకొని ఉన్నాను. లోపలికి పోయిన అవ్వ ఎంతసేపటికీ రాలేదు. చివరికి బయటికొచ్చి, "ఒక్కదాని మీదే వేసినానే," అన్నది. దేని మీదని అడిగితే నవ్వి, పల్లెపాళెం దిక్కు వేలు చూపించింది. ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు. ఆమె నడక నాకందనంత జోరు.