నాలుగో చుక్క

కె.ఆర్.పురంలో పాత సామాన్లు కొనే పిల్లప్ప గుజరీ అంగడికి పోతే పట్టపగలే లైట్లు వెలుగుతుంటాయి. ఎండ మాడ్చేస్తావుంటే ఆ వెలుతురు ఎవరికప్పా? ఎవరికీ కాదు. ఇనుప మంచం మీద వరసగా పెట్టినవి పాత ఎమర్జెన్సీ లైట్లు. బ్యాటరీ అంతా అయిపోయి వాటంతట అవే ఆరిపోయేదాకా, అక్కడ విప్పే పని చేసే పుష్పావతి వాటిని విప్పదు.

ఆమె మొగుడు గోపాలప్ప అట్లా ఆగలేదు. పోయినేడు ఇదే చోట కూర్చుని, మూత రాలేదని ఉలి పెట్టి కొట్టినాడు. ఉలి పోయి బ్యాటరీలో దిగింది. గుప్పున మంట లేచి మొహానికి తగిలింది. తొమ్మిదో రోజు ఆస్పత్రిలో పోయినాడు.

అంతే అయితే ఏడ్చి ఊరుకునేదేమో. కానీ ఆ లైట్లకు మూతలు మూసింది పుష్పావతే! చందాపుర దగ్గర కంపెనీలో నాలుగేండ్లు అదే పని. మొదట్లో మూతకు నాలుగు స్క్రూలుండేవి. తర్వాత కొత్త డిజైను వచ్చింది. పాత ప్లాస్టిక్కు కరిగించి చేసిన డబ్బా, స్క్రూల బదులు బంక, పైన పచ్చని ఆకు బొమ్మ. భూమికి మేలు చేసే లైటంట! చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ రోజు అందరికీ మైసూర్‌పాక్ పంచినారు. ఇది పాడైపోయినాక ఎవరు విప్పాల, ఎట్లా విప్పాల అని ఒక్కరైనా అడిగినారా? పుష్పావతీ అడగలేదు. కట్టుకున్నవాడు రోజూ చేసే పనే అది, అయినా తట్టలేదు.

మూతకు మూడు చుక్కల బంక చాలన్నారు. కానీ మూత ఊడి ఒక్క పీసు తిరిగొచ్చినా అందరి ముందర నిలబెట్టి తిట్టేవాళ్ళు. అందుకని ఆమె నాలుగో చుక్క వేసేది. ఎవరు మూసిందో తెలిసేదానికి మూత లోపల గుర్తు వేయాల. నంబర్లు వేయమంటే ఆడోళ్ళు ముగ్గులు వేసినారు. పుష్పావతిది నాలుగు రేకుల పువ్వు, పక్కనుండే సరోజమ్మది చిలక.

మొగుడు పోయిన నెలకే కంపెనీ వదిలేసి, ఆయన కూర్చున్న గోనెపట్ట మీదే కూర్చునింది. ఆకు బొమ్మ లైటు వస్తే ఇంకెవరినీ ముట్టనీదు. ఆరిపోయినాక రంపంతో అంచు కోసి, మూత తిప్పి చూస్తుంది. పువ్వు కనపడిందా, ఆ పూట అన్నం దిగదు. ఇంకా ఎన్ని ఇండ్లలో, ఏ అటకల మీద తన పువ్వు కాచుకొని ఉండాదో! నిమ్మకాయతో ఎంత రుద్దినా చేతులకు బంక వాసన పోలేదు.

"ఆయన కొట్టిన లైటు మూత ఏదప్పా?" అని పిల్లప్పను రోజూ అడిగేది.

"కాలి బూడిదైపోయిందమ్మా" అనేవాడు మొహం తిప్పుకొని.

మొన్న మధ్యాహ్నం మళ్ళీ పువ్వు కనపడింది. ఆమె అన్నం గిన్నె పక్కకు తోసేసరికి పిల్లప్పకు ఓపిక పోయింది. తక్కెడ వెనకాల నుంచి గుడ్డ మూట తీసి ముందర పడేసినాడు.

"చూడు తల్లీ. నువ్వు తట్టుకోలేవని, నేనూ తిప్పి చూడకుండా దాచిపెట్టినా. చూడకపోయినా చస్తానే ఉండావు."

మూత నడుమ కరిగిపోయింది. మిగిలిన చోట ఒక మూలన చిలక.

"నాది కాదు! నాది కాదప్పా!" అని కేక పెట్టింది. ఏడాదిగా గుండెల మీదుండే బండ దిగిపోయింది. పిల్లప్ప కండ్లు తుడుచుకున్నాడు. "ఇంక అన్నం తిను" అన్నాడు.

గిన్నె దగ్గరికి లాక్కుంటా, కరగని అంచు మీద ఊరికే వేలు పెట్టింది. గట్టిపడిన బంక బొట్లు. ఒకటి, రెండు, మూడు. నాలుగు.

సరోజమ్మ కొత్తలో మూడే వేసేది. పీసు తిరిగొచ్చి, తిట్లు తిని ఏడుస్తావుంటే చెయ్యి పట్టుకొని నేర్పింది ఎవరు? "ఇంకో చుక్క వెయ్యే పిచ్చిదానా, జన్మలో ఊడదు" అనింది ఎవరు? సరోజమ్మ ఒక్కదానికేనా, ఆ లైనులో పద్దెనిమిది మందికీ పుష్పావతే నేర్పింది.

మంచం మీద ఇంకో లైటు ఆరిపోయింది. పుష్పావతి లేచి దాన్ని తెచ్చుకొని, అంచు కోసి, మూత ఊడదీసింది. ఈసారి తిప్పి చూడలేదు.