శని కనిపించిన సోమవారం

తార్నాకలో టెలిస్కోపు కొనడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని మా ఆయన ముందే అన్నాడు. నాకు రోషం ఎక్కువ. కొనేశాను. నీళ్ల పీపా అంత గొట్టం, దాని అడుగున గుండ్రటి అద్దం, కింద చెక్కపెట్టె. మొదట్లో దాన్ని నేను పనిచేసే యూనివర్సిటీ క్యాంపస్‌కి కారులో వేసుకుని వెళ్లేదాన్ని. అక్కడ చెట్ల వెనక కాస్త చీకటి మిగిలి ఉండేది. తర్వాత ఆ దారికీ తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. చేసేదిలేక మా ఫ్లాట్ల మేడమీదికి చేరాను.

మేడమీద ఆకాశం ఎప్పుడూ పలచటి మజ్జిగలా ఉంటుంది. అందులో నేనేం చూస్తున్నానో సగం రోజులు నాకే తెలిసేది కాదు. శనిగ్రహాన్ని మొదటిసారి పట్టుకున్నప్పుడు ఉంగరం కనబడలేదు. నిమ్మకాయకి సూది గుచ్చినట్టు ఒక సన్నటి గీత ఉందంతే. అద్దం చెడిందనుకుని తుడిచాను కూడా. ఆ ఏడు ఉంగరం అంచు మనవైపు తిరిగి ఉందని, అందుకే గీతలా కనబడుతుందని తర్వాతెప్పుడో చదివాను.

మా అత్తమ్మది కడప వైపు. కార్తీక సోమవారాలు పొద్దంతా ఉపవాసం ఉంటారు, కాఫీకి మాత్రం మినహాయింపు. సాయంత్రం చుక్కను చూసి దండం పెట్టుకున్నాకే అన్నం. ఆవిడకి షుగరుంది. మేం వద్దంటాం, ఆవిడ వినరు. చివరికి ఒక రాజీ కుదిరింది. దీపం పెట్టగానే మాత్ర వేసుకోవాలి, మేడెక్కి చుక్కను చూడాలి, దిగి వెంటనే తినాలి. మాత్ర పడ్డాక తిండి ఆలస్యమైతే ఆవిడకి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఒకసారి వంటింట్లోనే కూలబడ్డారు.

ఆ కార్తీకంలో మూడో సోమవారం మబ్బుగా ఉంది. నేను టెలిస్కోపు బయటపెట్టి ఆకాశాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. అత్తమ్మ మాత్ర వేసుకుని పైకొచ్చారు. తూర్పున మబ్బు చీలికలో ఒకే ఒక్క వెలుగు ఉంది.

“అదో చుక్క!” అని చేతులు జోడించారు.

ఊరుకుంటే సరిపోయేది. నా నోరు ఊరుకునే రకం కాదు.

“అది చుక్క కాదు అత్తమ్మా, గ్రహం.”

“ఏ గ్రహం?”

“శని.”

జోడించిన చేతులు విడిపోయాయి. “శనా? పోయిన వారం గూడా ఈడనే గదా చూసింది?”

“అవును, అదే.”

“ఆ ముందు వారం?”

నేను తలూపాను. గుళ్లో శనీశ్వరుడికి కూడా ఎదురుగా నిలబడని మనిషి ఆవిడ, పక్కకి జరిగి దండం పెడతారు. అలాంటిది శనిని చూసి రెండు వారాలు అన్నం తిన్నారు. వెళ్లి నీళ్ల ట్యాంకు మెట్టు మీద కూర్చుని, “నిజమైన చుక్క కనపడేదాకా తినను” అన్నారు.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే మాత్ర గుర్తొచ్చింది.

“సూర్యుడు గూడ నక్షత్రమే అత్తమ్మా. పొద్దుగాల చూసిండ్రు గదా!”

“అట్లయితే మధ్యాన్నమే తినేదాన్ని గదా. ముందే చెప్పకపోతివి.”

గొట్టాన్ని పడమటికి తిప్పాను. హోర్డింగు వెలుగుకి పైన, మబ్బు పలచబడ్డ చోట వెతికితే తెల్లటి చుక్క ఒకటి దొరికింది. అభిజిత్ అని చెప్పాను.

“ఇరవై ఏడు నక్షత్రాల్లో అభిజిత్తు యాడుందమ్మాయ్?”

లేదు. ఇరవై ఎనిమిదోదిగా కొందరు లెక్కపెడతారని ఎక్కడో చదివాను. ఎక్కడ చదివానో గుర్తు రాలేదు. శ్రవణమైతే సరేనన్నారు. శ్రవణం ఇంకా పైన, ఇంకా మబ్బులో ఉంది. చీర కొంగుతో ఆవిడ మెడ తుడుచుకోవడం చూశాను. చల్లటి గాలి వీస్తుంటే ఆ చెమటేమిటి? ఎలాగో ఒక చుక్క దొరికింది. అది శ్రవణమో, దాని పక్కదో నిజానికి నాకు తెలియదు.

“చూడుండ్రి అత్తమ్మా, జల్దీ!” అని అరిచేశాను.

“అద్దంలో చూస్తే చెల్లుతుందా?”

“చెల్లుతది!” నేనేదో పంతులుగారిలా చెప్పాను.

ఆవిడ మాత్రం తొందరపడలేదు. చెప్పులు విడిచారు. కళ్లు మూసుకుని శ్లోకం మొదటినుంచి చివరిదాకా చదివారు. అప్పుడు వంగి కన్ను పెట్టారు.

“కనబడ్డదా?”

“ఊఁ, కనపడింది” అని దండం పెట్టుకుని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగారు.

తర్వాత నేను కన్ను పెట్టి చూస్తే అందులో ఏమీ లేదు. నా టెలిస్కోపుకి మోటారు లేదు. భూమి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి పట్టుకున్న చుక్క నిమిషం తిరిగేసరికి పక్కకి జారిపోతుంది. శ్లోకం పూర్తయ్యేలోపే అది ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. మబ్బు రంగు ఒకటే మిగిలింది. చాలాసేపు చూస్తే మూలన ఏదో నలుసు ఉన్నట్టూ లేనట్టూ ఉంది. శుక్లాల ఆపరేషన్ అయిన ఆ కళ్లకి ఆ నలుసు కనబడిందా? లేకపోతే ఏం చూసి దండం పెట్టారు? అబద్ధమాడే మనిషి కాదు. ఉపవాసం రోజు అసలే ఆడరు. వెనక్కి పిలిస్తే తినరు, పిలవకపోతే వ్రతం ఏమవుతుందో నాకు తెలియదు. దేవుడి మీద నాకు పెద్ద నమ్మకం లేదు, అయినా ఆ సాయంత్రం ఆయనకేం చెప్పుకోవాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

కిందికి వెళ్లేసరికి తింటున్నారు. చేతి వణుకు ఇంకా తగ్గలేదు, ముద్దలోంచి మెతుకులు రాలుతున్నాయి. పక్కన కూర్చున్నాను. ఉండబట్టలేకపోయాను.

“అత్తమ్మా, నిజంగ కనబడ్డదా? ఎట్లున్నది?”

తల ఎత్తకుండా రెండు ముద్దలు తిన్నారు.

“పైన నీ మొగం చూసినా. ఏడుపొక్కటే తక్కువ” అన్నారు. “కనపడింది. ఇంగ అడగాకు.”

నేను లేచి ఆవిడ కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించాను.